ఐడహోలో అరవై ఏడు డిగ్రీలు

ఐడహో నుంచి తిరిగొచ్చి ఐదు వారాలైంది. సియాటిల్ పక్కన మా బాతెల్‌లో తెలుగువాళ్లు ఎవరు కనిపించినా రెండే ప్రశ్నలు. ఎన్ని చేపలు పడ్డాయి? వండుకున్నారా? పట్టిన చేపని పట్టినట్టే నీళ్లలో వదిలేస్తామని చెబితే, "వదిలేసేదానికి పట్టడం దేనికండీ" అని నవ్వుతారు. వెళ్లకముందు ఆ మాటకి నా దగ్గర మంచి జవాబే ఉండేది. ఇప్పుడు లేదు. అందుకే ఆ ప్రయాణంలో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను.

ముందు ఆట సంగతి చెప్పాలి. ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఉండదు. ఈకలూ దారమూ చుట్టి గాలానికి కట్టిన దొంగ పురుగు ఉంటుంది. దాన్ని బతికున్న పురుగులా నీళ్లలో ఆడించి ట్రౌట్ చేపని నమ్మించాలి. దీనికి దేశాల మధ్య పోటీలు జరుగుతాయి. జట్టుకి ఐదుగురు, పైన ఒక రిజర్వు. నదిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని బీట్ అంటారు. ఎవరికి ఏ బీట్ అన్నది చీటీలు తీసి తేలుస్తారు. మూడు గంటల పాటు ఆ ముక్క మీదే, దాన్ని సెషన్ అంటారు, మొత్తం మూడు. ఒడ్డున కంట్రోలర్ ఒకరు నిలబడి, పడ్డ ప్రతి చేపనీ తడి తొట్టిలో పెట్టి కొలిచి, కార్డు మీద రాసుకుని, వెంటనే వదిలేయిస్తారు. ఎక్కువ చేపలు, పొడుగు చేపలు పట్టినవారిది పైచేయి. జట్టుకి ఒకరు చొప్పున కలిపి ఒక్కో గుంపు చేస్తారు, ఎవరి గుంపులో వాళ్లకి వచ్చిన స్థానాలు కూడితే జట్టు స్థానం తేలుతుంది.

మా చొక్కాల మీద ఇండియా అని ఉంటుంది. కానీ జట్టులో ఒక్కరం కూడా ఇండియాలో ఈ రాడ్, అంటే గాలం కర్ర, పట్టినవాళ్లం కాదు. అందరం ఇక్కడే నేర్చుకున్నాం, అందరం హెచ్-వన్ మీదో గ్రీన్‌కార్డు క్యూలోనో ఉన్నాం. పాస్‌పోర్ట్ ఏ దేశానిదైతే ఆ దేశం జట్టు, అంతే నిబంధన. మొన్న వసంతంలో వర్జీనియా హెర్న్‌డన్‌లో ఉండే మా వాడొకడికి సిటిజన్‌షిప్ వచ్చింది, జట్టులో చోటు పోయింది. పాత రిజర్వు అతని చోటులోకి జరిగాడు. రిజర్వుగా నేను దూరాను.

మా కెప్టెన్ సుధాకరన్న. కరీంనగర్ మనిషి. మిషిగన్‌లో ట్రాయ్‌లో ఉంటాడు, కార్ల సీట్లు డిజైన్ చేసే ఉద్యోగం. తొమ్మిదేళ్ల కిందట నేనక్కడ పనిచేసినప్పుడు నా మోచెయ్యి పట్టుకుని రాడ్ విసరడం నేర్పింది ఆయనే. ఈ ఇండియా జట్టు ఆయన చేతులతో పెట్టిన జట్టు.

బాయిసీ

అన్న డెట్రాయిట్ నుంచీ నేను సియాటిల్ నుంచీ బాయిసీలో దిగి ఒక కారు తీసుకున్నాం. మిగిలిన నలుగురూ ముందే పోటీ జరిగే ఊరికి వెళ్లిపోయారు. కారులో పెట్టేముందు బ్యాగ్ తెరిచి చూస్తే మొదటి దెబ్బ తగిలింది. మా ఆవిడ పెట్టిన గోంగూర పచ్చడి సీసా మూత వదులై, నూనంతా నా వేడర్ల మీద కారింది. ఛాతీదాకా వచ్చే నీళ్ల ప్యాంట్లవి. పార్కింగ్ లాట్‌లో కూర్చుని టిష్యూ పేపర్లతో తుడుస్తుంటే అన్న పక్కన నిలబడి నవ్వాడు.

"ఇగ నువ్వు నీళ్లల్ల దిగితె చేపలన్ని కెనడా దాంక ఉరుకుతయ్ తమ్మీ."

"నేను రిజర్వునే కదన్నా, దిగేదేముంది?"

"రిజర్వంటె ఖాళీగ కూసునుడు గాదు. నిర్వాహకులకు సాయం వోవాలె. నువ్వు మంచిగ చేస్తె జట్టుకు ఇజ్జత్."

బాయిసీలో ఒక వీధి నిండా బాస్క్ వాళ్ల హోటళ్లే. స్పెయిన్ కొండల నుంచి గొర్రెలు కాయడానికి వచ్చి స్థిరపడ్డ జనం. గొర్రె మాంసం కూర, రొట్టె పందొమ్మిది డాలర్లు. మిరియాల ఘాటు తప్ప కారం లేదు గానీ, ఎముక మీద మాంసం వేలితో తాకితే ఊడొస్తుంది. హోటలు పెద్దాయన మా చొక్కాలు చూసి వచ్చి కూర్చున్నాడు. తన తాత మేం వెళ్లే నది ఒడ్డునే గొర్రెలు కాశాడట. ఆగస్టులో కూడా ఆ నీళ్లలో అడుగు పెడితే కాళ్లు కొంకర్లు పోయేవని చెప్పేవాడట.

"ఇప్పుడు నా మనవలు మధ్యాహ్నమంతా అందులోనే ఈదుతున్నారు" అన్నాడు. మేం తలలూపి ఇంకో రొట్టె అడిగాం.

దారంతా అన్న ఒకే విషయం మాట్లాడాడు. ఈ ఆహ్వాన పోటీకి ఒక నిబంధన ఉంది. వరసగా మూడేళ్లు ఆఖరి స్థానం వస్తే ఆ జట్టుని ఇక పిలవరు. మాకు రెండేళ్లు వచ్చింది.

"ట్రాయ్‌ల నన్ను ఏమని పిలుస్తరో ఎర్కేనా? చేపలిడిసే సుధాకర్. పార్టీలల్ల పిలగాండ్లు గూడ అంటరు, సుధాకర్ అంకుల్, హౌ మెనీ డిడ్ యు నాట్ ఈట్ అని. పదకొండు జట్లల్ల పదోది వచ్చినా సాలు తమ్మీ. ఇంకొక్క ఏడు బతుకుతం."

పోటీకి రెండు వారాల ముందు నుంచీ ఆయన రోజూ పొద్దున్నే లేచి ఆఫీస్‌కి వెళ్లేలోపు పురుగులు కట్టేవాడని వదిన ఫోన్‌లో చెప్పింది. నాలుగు పెట్టెలు నిండాయి. ఒక్కో పురుగూ బియ్యపు గింజంత.

ఆ ఊరు

నది పేరూ ఊరి పేరూ రాయను. జరిగినదానిలో ఆ ఊరి తప్పేం లేదు. ఒకే వీధి, ఒక ధాన్యం గోదాము, ఒక డైనర్, ఒక బడి. చుట్టూ ఎండిపోయిన గడ్డి కొండలు, మధ్యలో పచ్చగా నది. మామూలుగా తొంభై డాలర్ల మోటెల్ గది, పోటీ రోజుల్లో రెండు వందల పది. డైనర్‌లో హకిల్‌బెర్రీ పండు కూరి కాల్చిన 'పై' ముక్క ఎనిమిది డాలర్లు. నేరేడుపండు రంగులో, పులుపూ తీపీ కలిసిన కొండపండు అది. ఆ రుచి గురించి ఎవరేం చెప్పినా నమ్మొచ్చు. వడ్డించే పిల్ల డోనా, మేం ఇండియా అనగానే "మీకు కారం సాస్ తేనా" అని మేం అడక్కుండానే సీసా తెచ్చి ప్లేటు పక్కన పెట్టింది. అన్న ఆమె మనసు నొప్పించడం ఇష్టంలేక రెండు చుక్కలు వేసుకుని తిన్నాడు.

సాయంత్రం ఊరేగింపు. ఒక్కో దేశం జట్టునీ ఒక్కో ట్రాక్టరు వెనక బండి మీద గడ్డి మోపులపై కూర్చోబెట్టి వీధంతా తిప్పారు. జెండా నా చేతిలో ఉంది. మన ఊళ్లలో ఊరేగింపంటే ముందు డప్పులుంటాయి, వెనక జనం నడుస్తారు. ఇక్కడ జనం మడత కుర్చీలేసుకుని ఇళ్ల ముందు కూర్చున్నారు, బండి మీదున్నవాళ్లే చాక్లెట్లు విసరాలి. మాకా సంగతి తెలియదు. ఖాళీ చేతులతో కూర్చుంటే పిల్లలు మావైపు జాలిగా చూశారు. చివరికి అన్న జేబులోంచి అల్లం మురబ్బాలు తీసి విసిరాడు. ఒక పిల్ల నోట్లో వేసుకుని మొహం పెట్టిన తీరుకి వీధంతా నవ్వింది. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను చూసిన ఆఖరుసారి అది కాదు. ఇంకొక్కసారి చూశాను.

ఊరేగింపు తర్వాత బడి జిమ్‌లో, అంటే లోపలి ఆటల హాల్లో, సాయం చేసేవాళ్ల సమావేశం. అక్కడ ఎలెన్ పరిచయమైంది. డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు ఆ ఊరి స్కూలు బస్సు నడిపి రిటైరైంది. నదికి కింది భాగం మొత్తం ఆమె పర్యవేక్షణలో ఉంటుంది, నేను ఆమెకి సహాయకుణ్ని. ఎడమ మోకాలికి పట్టీ ఉంది. నా పేరు ఫణి. ఆమె నోట అది 'ఫనీ' అయింది.

"నీకు నీళ్ల సంగతి ఏమైనా తెలుసా, లేక గాలాల సంగతేనా?" అని అడిగింది.

మాది కైకలూరని చెప్పాను. మా నాన్న చేపల చెరువులు లీజుకి చేసేవాడు. ఎండ కాసి నీళ్లు వేడెక్కినా, మబ్బు పట్టి గాలి ఆగినా, నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోయి తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు నీళ్లకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పడానికి ఇంటిల్లిపాదీ పరిగెత్తేవాళ్లం. చెప్తుంటే ఎలెన్ రాసుకోవడం ఆపి నావైపు తిరిగింది.

"అయితే నీకు తెలుసు. ట్రౌట్ ఇంకా సున్నితం. అరవై ఎనిమిది డిగ్రీలకి వస్తే ఊపిరాడదు. అప్పుడు గాలంతో లాగి అలసగొడితే, వదిలేశాక ఈదుకుంటూ పోయినట్టే పోతాయి, గంటో రెండు గంటలో బతికి చచ్చిపోతాయి. అందుకే ఇక్కడ నిబంధన పెట్టించాను. మధ్యాహ్నం మొదలయ్యే ముందు వంతెన కింద కొలుస్తాం. అరవై ఎనిమిది వచ్చిందా, ఆట లేదు."

ఇక్కడి డిగ్రీలు ఫారెన్‌హీట్, అరవై ఎనిమిదంటే మన లెక్కలో ఇరవై. ఈ నిబంధన పెట్టించడానికి ఆమె రెండేళ్లు నిర్వాహకులతో కొట్లాడిందని పక్కాయన చెప్పాడు.

సరస్సు

మొదటి సెషన్ కొండ మీద సరస్సులో. ఇద్దరిద్దరు చొప్పున పడవల్లో. నేను ఒడ్డున తొట్టెలకి నీళ్లు మోశాను. వర్ణించడానికి పెద్దగా ఏం లేదు. గాలి బాగా వీచి మా జట్టులోని హ్యూస్టన్ అతని టోపీ నీళ్లలో పడి మునిగింది, దానికి అతను రోజంతా బాధపడ్డాడు. జట్టుకి తొమ్మిదో స్థానం వచ్చింది. మోటెల్‌లో రైస్ కుక్కర్ పెట్టి పప్పన్నం, మిగిలిన గోంగూర తిన్నాం. పక్క గది ఐర్లండ్ వాళ్లు వాసన పట్టి తలుపు కొట్టారు. వాళ్లలో సింథియా అనే ఆవిడ, జట్టులో అందరికన్నా గట్టి మనిషి, గోంగూర కలిపిన ముద్ద తిని ఇంకోటి అడిగింది. తన ఊళ్లో పట్టిన చేపని వెన్నలో వేయించుకు తినేవాళ్లమని, ఇప్పుడు ఇలా వదిలేసి సాయంత్రం శాండ్‌విచ్ తినడం తమ అమ్మకి ఇంకా అర్థం కాదని చెప్పింది. అన్ని దేశాల్లోనూ అదే ప్రశ్నన్నమాట.

నది, ఉదయం

రెండో సెషన్ మర్నాడు పొద్దున నది మీద. మావాళ్లు నలుగురూ రెండో మూడో పట్టారు. అన్నకి ఒక్కటీ పడలేదు. దాన్ని బ్లాంక్ అంటారు. ఆ గుంపులో ఆఖరి స్థానం రాసేస్తారు, జట్టు మొత్తం కిందికి జారిపోతుంది. మాది పదకొండైంది.

బూట్లు కూడా విప్పకుండా వాన్‌లో కూర్చున్నాడు. నీళ్లు కారి సీటు కింద మడుగు కట్టింది.

"మూడు గంటలు తమ్మీ. మూడు గంటలు నిలవడ్డ. ఒక్క చేప గూడ నా మొకం చూడలే."

"మధ్యాహ్నం ఏ బీట్ అన్నా?"

"ఏడు."

ఏడో బీట్ సంగతి అందరికీ తెలుసు. వంతెనకి కొంచెం ఎగువన, రాళ్ల మధ్య నుంచి నీళ్లు దూకి లోతులోకి వెళ్లే చోటు. ఎవరు దిగినా చేపలు పడే చోటు. పక్క జట్లవాళ్లు వచ్చి అన్న భుజం తట్టి, అదృష్టవంతుడివి అన్నారు.

ఎండ మాత్రం మండిపోతోంది. డైనర్ ముందున్న బోర్డు మీద తొంభై ఏడు అని ఉంది. ఎలెన్ పొద్దున్నుంచీ ఆకాశం వంకే చూస్తోంది, మబ్బు తునక లేదు.

వంతెన కింద

ఒంటి గంటన్నరకి ఆమె తన ట్రక్కు వంతెన దగ్గర ఆపింది. గట్టు నిటారుగా ఉంది, ఆమె మోకాలు ఆ ఉదయమే ఇంకాస్త వాచింది. దారం కట్టిన థర్మామీటర్ నా చేతికిచ్చింది.

"నీడలో, పారే నీళ్లలో పెట్టు. రెండు నిమిషాలు ఉంచు. నేను దిగలేను ఫనీ. నువ్వు చూసి చెప్పు."

దిగాను. పెట్టాను. రెండు నిమిషాల తర్వాత తీస్తే అరవై తొమ్మిది. పొరపాటేమో అని రెండడుగులు అవతల పెట్టాను. అరవై తొమ్మిదిన్నర.

తలెత్తి చూశాను. యాభై గజాల ఎగువన, ఏడో బీట్ ఒడ్డున అన్న రాడ్ పట్టుకుని సిద్ధంగా నిలబడి నావైపే చూస్తున్నాడు. సైగ చెయ్యలేదు. నోరు మెదపలేదు. వట్టినే నిలబడ్డాడు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత చాలామంది నమ్మలేదు.

పైనుంచి ఎలెన్ కేక వేసింది. "ఎంత?"

"అరవై ఏడు" అన్నాను.

"దగ్గరికొచ్చేసింది" అంటూ ఆమె కాగితం మీద రాసుకుంది. మళ్లీ అడగలేదు. థర్మామీటర్ తెచ్చిస్తే దాని వంక చూడకుండానే తుడిచి పెట్టెలో పెట్టింది. నాకు నీళ్ల సంగతి తెలుసని ఆమె నమ్మింది. తెలియనివాణ్నయితే ఆమె కుంటుకుంటూనైనా తనే దిగి చూసేదేమో.

ఆ మూడు గంటలూ ఎలెన్ వెంట బీట్ బీట్‌కీ తిరిగాను. ఏడో బీట్ దగ్గర అన్న రాడ్ మాటిమాటికీ వంగుతోంది. కంట్రోలర్ కార్డు మీద గీతలు పెరుగుతున్నాయి. ఒకసారి చూస్తే అన్న నీళ్లలో వంగి, రెండు చేతులూ ముంచి చాలాసేపు కదలకుండా ఉన్నాడు. చేపని జాగ్రత్తగా వదులుతున్నాడనుకున్నాను. నాకు గర్వంగా అనిపించింది కూడా.

పద్నాలుగు చేపలు. ఆ గుంపులో రెండో స్థానం. సింథియా పదహారు పట్టి మొదటిది. మిగతా మావాళ్లకీ బాగానే పడ్డాయి. జట్టు పదకొండు నుంచి ఎనిమిదికి ఎగబాకింది. గట్టెక్కి వచ్చిన అన్న నన్ను వేడర్లతోనే కావలించుకున్నాడు. ఇంకొక్కసారి చూశానన్నానే, ఆ సంతోషం ఇదే. వదినకి వీడియో కాల్ చేసి కార్డు చూపించాడు. "పద్నాలుగు! లెక్కవెట్టు! నేను సదువుతున్న, నువ్వు లెక్కవెట్టు!" అని ఒక్కో చేప పొడుగూ చదివాడు. నేను కెమెరాకి అడ్డం రాకుండా పక్కకి జరిగాను.

దుంగ వెనక మడుగు

మర్నాడు పొద్దున ఆరింటికి ఎలెన్ ట్రక్కు మోటెల్ ముందు ఆగింది. బహుమతులు పదింటికి. తొట్టెలు సర్దాలేమో అనుకుని ఎక్కాను. ఆమె వంతెన దాటి అరమైలు దిగువకి తీసుకెళ్లింది. అక్కడ పడిపోయిన పెద్ద దుంగ ఒకటి నదికి అడ్డంగా ఉంది. దాని వెనక నీళ్లు నిలిచి ఉన్నాయి. గట్టు అక్కడ చదునుగా ఉండడంతో ఆమె దిగగలిగింది.

ట్రౌట్లు. తెల్లటి పొట్టలు పైకి. కొన్ని దుంగ కిందికి చేరి ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, నీళ్లు కదిలినప్పుడల్లా అన్నీ కలిసి మెల్లగా ఊగుతున్నాయి. కైకలూరులో లారీలకొద్దీ చచ్చిన చేపల్ని చూసినవాణ్ని నేను. అయినా ఒడ్డునే ఆగిపోయాను.

"తొట్టి తే" అంది ఎలెన్.

కొలిచాం. పోటీలో కొలిచినట్టే, మూతి చెక్కకి ఆనించి, తోక చివరిదాకా. నేను చెప్తుంటే ఆమె రాసింది. పదకొండు అంగుళాలు. తొమ్మిదిన్నర. పదిహేడు. ఆ పదిహేడంగుళాల చేప పెదవి మూలన గాలం గుచ్చిన చిన్న రంధ్రం కనిపిస్తోంది. మొత్తం ముప్పై ఒకటి. కొట్టుకుపోయినవి ఎన్నో తెలియదు. కొలిచిన ప్రతిదాన్నీ మళ్లీ నీళ్లలోనే వేయమంది, గద్దలు తింటాయని.

"నిన్న ఐదింటికి నా సొంత థర్మామీటర్ ఇక్కడ పెట్టాను" అంది చేతులు కడుక్కుంటూ. "డెబ్బై మూడు. ఒంటిగంటన్నరకి అరవై ఏడు ఉన్న నది ఐదింటికి డెబ్బై మూడు అవదు ఫనీ. నువ్వెంత చూశావు?"

ఇంకోసారి అరవై ఏడు అనొచ్చు. ఆమె దగ్గర సాక్ష్యం లేదు. నోటిదాకా వచ్చింది కూడా.

"అరవై తొమ్మిదిన్నర" అన్నాను.

ఆమె దుంగ మీద కూర్చుంది. నేను సారీ చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"నాకు చెప్పకు. నేను దిగి చూడాల్సింది. నా మోకాలు నొప్పని దిగలేదు. ముప్పై ఏళ్లు ఊరి పిల్లల్ని బస్సులో తిప్పాను. ఒక్కరోజు కూడా వాళ్లని లెక్కపెట్టమని ఇంకొకరికి చెప్పలేదు." దుంగ పట్టుకుని లేచింది. "పదింటికి జిమ్‌లో నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

బడి జిమ్

మోటెల్‌కి వెళ్లి ముందు అన్నకి చెప్పాలనుకున్నాను. ఎలెన్ నేరుగా బడికే తీసుకెళ్లింది. వద్దని నేనూ అనలేదు. అన్న మొహం చూస్తే చెప్పలేననుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అబద్ధం కన్నా ఎక్కువ తప్పు అక్కడే చేశాను.

బాస్కెట్‌బాల్ కోర్టులో మడత కుర్చీలు, బల్ల మీద పతకాలు, పదకొండు జెండాలు. ముఖ్య నిర్ణేత మైకు తీసుకోకముందే నేను లేచి నిలబడ్డాను. మూడు వాక్యాల్లో చెప్పాను. వెనకవాళ్లకి వినపడక రెండో వాక్యం మళ్లీ చెప్పాల్సొచ్చింది. మా జట్టు వరసలో అన్న నావైపు చూస్తూ సగం నవ్వుతోనే ఉన్నాడు. నేనేదో కృతజ్ఞతలు చెబుతున్నాననుకున్నట్టున్నాడు.

"ఎందుకు చేశారు?" అన్నాడు నిర్ణేత.

"మా జట్టు కోసం."

"మీ కెప్టెన్ చెప్పారా?"

"లేదు. ఎవరూ చెప్పలేదు."

లేదన్నాను గానీ, గదిలోని తలలన్నీ అన్నవైపు తిరిగాయి. ఎవరో వెనక నుంచి నవ్వారు. ఒక కెప్టెన్ లేచి, ఇది నదికి చేసిన ద్రోహమని, ఈ ఆట ప్రాణమే చేపల మీద ప్రేమ అని ఐదు నిమిషాలు మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టిన చేతులన్నీ నిన్న మధ్యాహ్నం ఆ నీళ్లలో ఉన్నవే.

అరగంటలో తీర్పు చెప్పారు. మధ్యాహ్నం సెషన్ మొత్తం రద్దు. రెండు సెషన్ల మీదే ఫలితాలు. సింథియాకి రావలసిన వ్యక్తిగత పతకం పోయింది. ఆమె నా పక్కనుంచే నడిచి వెళ్లింది, నన్ను చూడలేదు. ఇండియా పదకొండో స్థానం. వరసగా మూడో ఏడు. వచ్చే ఏడు ఆహ్వానం ఉండదని నిర్ణేత మర్యాదగా, మెల్లగా చెప్పాడు.

బయట పార్కింగ్‌లో అన్న కారుకి ఆనుకుని ఉన్నాడు. మిగతా నలుగురూ దూరంగా నిలబడ్డారు.

"నేనడిగిన్నా నిన్ను?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. "నాకోసం అబద్ధమాడుమని నేనడిగిన్నా? మల్ల గిప్పుడు గీ సత్తెం, గిదన్న నన్ను అడిగినవా?"



తిరుగు దారి

బాయిసీకి మూడు గంటల దారి.  ఎండిన గడ్డి కొండలు, మధ్యలో గుండ్రంగా తిరిగే నీటి పైపుల కింద పచ్చటి ఆలుగడ్డ చేలు. ఆ చేలకి పారుతున్నది ఆ నది నీళ్లేనని ఎలెన్ మొదటి రోజే చెప్పింది. నది సన్నబడి, వేడెక్కడానికి అదీ ఒక కారణమే. చెప్పుకోవడానికి కారణాలకేం, చాలా ఉన్నాయి.

రెండు గంటలు పోయాక, దారి పక్కన ఒక రెస్ట్ ఏరియాలో ఆగమన్నాడు. చెక్క బల్ల దగ్గర కూర్చున్నాం. చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"మూడో చేప" అన్నాడు. "చేతుల్ల వట్టుకొని నిలవెట్టిన. ఈదలే. ప్రవాహానికి ఎదురుగ వెట్టి ఆడిచ్చిన. రెండు నిమిషాలు. ఇడిస్తె పక్కకు ఒరిగి వోయింది. తొమ్మిదోది గట్లనే. పన్నెండోది గూడ. నీళ్లు గోరువెచ్చగున్నయ్. నాకు ఎర్కే తమ్మీ. నీళ్లల్ల నిలవడ్డోనికి ఎర్కగాదా? అందరికి ఎర్కే."

"మరి ఆపలేదేం అన్నా?"

"పద్నాలుగు రా" అన్నాడు. "నా బతుకుల ఎన్నడన్న పడ్డయా పద్నాలుగు?"

పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం పుచ్చకాయ కోసుకుంటోంది. వాళ్లు మాకూ రెండు ముక్కలు తెచ్చిచ్చారు. ఇద్దరం థ్యాంక్స్ చెప్పాం. ఇద్దరం తినలేదు.

"జిమ్ముల నువ్వు లేసి నిలవడ్డవ్" అన్నాడు మళ్లీ. "నేను గూడ లేవాలె. నాకు గూడ ఎర్కేనని చెప్పాలె. కాళ్లు రాలే. గా ముసలామె నా దిక్కే చూసింది. ఆమెకు సమజైందనుకుంట. నీ మీద కోపం గాదు తమ్మీ." పుచ్చకాయ ముక్క పక్కకి జరిపాడు. "నీ మీద గూడ."

అంతే. ఇద్దరం లేచి కారెక్కాం.

ఎయిర్‌పోర్ట్‌లో కారు అప్పగించే చోట ఆయన తన బ్యాగ్ తీసుకుని ముందే దిగాడు. ఆయన టెర్మినల్ తలుపుల దాకా వెళ్లాక నేను వెనక సీట్లో చూస్తే ఆయన రాడ్ల గొట్టం, పురుగుల పెట్టెలు నాలుగూ అక్కడే ఉన్నాయి. మరిచిపోయాడనుకుని, వాటిని బయటికి తీసి అన్నా అని కేకేశాను. వెనక్కి తిరిగి నా చేతిలో ఉన్నవి చూశాడు. వద్దని తలూపి లోపలికి వెళ్లిపోయాడు.

కారు తనిఖీ చేసే అమ్మాయి టాబ్లెట్ మీద ఏదో నొక్కుతూ, "అవి మీవేనా?" అంది.

కాదన్నాను. ఆ అమ్మాయి వాటికి ఒక చీటీ కట్టి, ఎవరో వదిలేసి వెళ్లిన పిల్లల కారు సీటు పక్కన గోడకి ఆనించింది.